బెంగళూరు నీళ్లూ మేనమామ పోలికా

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగు కుర్రాడి తల మీద జుట్టు పలచబడటం మొదలైందంటే, కారణం చెప్పడానికి చుట్టూ ఉన్నవాళ్లంతా సిద్ధంగా ఉంటారు. ఊళ్లో ఉన్న అమ్మ అక్కడి నీళ్లు పడలేదంటుంది. పీజీలో పక్క మంచం వాడు రాత్రి రెండింటి దాకా ఫోన్ చూస్తే ఉన్న జుట్టు కూడా ఊడుతుందంటాడు. సెలూన్ అబ్బాయి హెల్మెట్ వల్లనే సార్ అని తేల్చేస్తాడు, జిమ్ ట్రైనర్ ప్రొటీన్ చాలడం లేదంటాడు, ఆఫీసులో పెద్దాయన ఒకరు చేతిలోని సిగరెట్ వైపు చూసి ఊరుకుంటారు. ఈ కారణాలన్నీ ఆ కుర్రాడు చేస్తున్న పనులో, చేయకుండా వదిలేసిన పనులో అయి ఉంటాయి. గోడ మీద ఫోటోలో ఉన్న తాతగారి నున్నటి నెత్తి వంక మాత్రం ఎవరూ చూడరు.

అలవాట్లకూ జుట్టుకూ సంబంధమే లేదని నేను అనను. సంబంధం ఉంది, కొన్ని చోట్ల గట్టిగానే ఉంది, ఆ చోట్లేవో తర్వాత చెబుతాను. కానీ ఇరవైల్లో ఉన్న మగవాళ్లకు కణతల దగ్గర జుట్టు వెనక్కి జరగడం, నడినెత్తి మీద చర్మం బయటపడటం అనే ప్రత్యేకమైన మార్పులో అలవాట్ల వాటా చిన్నదనీ, ఆ చిన్న వాటా మీద మనం మోపే నింద చాలా పెద్దదనీ, ఆ నిందను నమ్మిన కుర్రాళ్లు వైద్యం బాగా పనిచేసే సంవత్సరాలను షాంపూలు మార్చుకుంటూ పోగొట్టుకుంటున్నారనీ నా వాదన.

మా చిన్నాన్న కొడుకు హిందూపురం నుంచి వచ్చి మారతహళ్లిలో ఒక పీజీలో ఉంటున్నాడు. వాడికి తోడుగా చర్మవైద్యురాలి దగ్గరకు వెళ్లినప్పుడు, ఆవిడ ఒక చిన్న కెమెరాను వాడి నడినెత్తికి ఆనించి, అది చూపిస్తున్నదాన్ని కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి చూపించారు. ఒక్కొక్క రంధ్రం నుంచి రెండు మూడు వెంట్రుకలు వస్తున్నాయి. వాటిలో ఒకటి నల్లగా, లావుగా ఉంది. దాని పక్కది అందులో సగం మందం కూడా లేదు. మూడోది రంగు కూడా సరిగా పట్టని నూగు. తర్వాత ఆవిడ కెమెరాను తల వెనక భాగానికి జరిపారు. అక్కడ వెంట్రుకలన్నీ ఒకే లావుతో, ఒకే నలుపుతో, గుంపులు గుంపులుగా ఉన్నాయి. తల ఒక్కటే, దాని మీద పోసే నీళ్లూ రాసే నూనే ఒక్కటే, రాత్రి దానికి దొరికే నిద్రా ఒక్కటే. అయినా జానెడు దూరంలో రెండు వేరువేరు జుట్లు. ఆ తెర మీద కనిపించిన తేడా ముందు, నేను అంతవరకూ చదివిన వ్యాసాలన్నీ వెలవెలబోయాయి.

ఆ తేడా ఎలా వస్తుందో కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ అర్థమైతే మిగతా వాదన సగం తేలిపోతుంది. మన తల మీద దాదాపు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కొక్కటి రెండు నుంచి ఆరేళ్ల పాటు పెరిగి, ఆ తర్వాత రెండు మూడు వారాల్లో ఎదుగుదల ముగించి, సుమారు మూడు నెలలు అలాగే నిలిచి, చివరకు రాలిపోతుంది. అదే కుదురు నుంచి మళ్లీ కొత్తది మొలుస్తుంది. కాబట్టి రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ మామూలే. బట్టతల రాబోయేవాళ్లలో చిక్కంతా రాలినదాని స్థానంలో మొలిచేదాని దగ్గరే ఉంది. ఒంట్లోని టెస్టోస్టెరాన్‌ను 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ డైహైడ్రోటెస్టోస్టెరాన్‌గా, పొట్టిగా చెప్పాలంటే డీహెచ్‌టీగా మారుస్తుంది. నుదుటి పైనా నడినెత్తి మీదా ఉన్న కుదుళ్లకు ఈ డీహెచ్‌టీకి లొంగే గుణం వారసత్వంగా వచ్చి ఉంటే, అవి ఒక్కో చక్రానికీ కుంచించుకుపోతూ, ప్రతిసారీ ముందుకంటే సన్నటి, పొట్టి వెంట్రుకను మొలిపిస్తాయి. తల వెనకా చెవుల పైనా ఉన్న కుదుళ్లకు ఆ గుణం ఉండదు. అందుకే ఎంత పెద్ద బట్టతలకైనా ఆ అంచు మిగులుతుంది, జుట్టు మార్పిడి చేసేవాళ్లు కుదుళ్లను అక్కడి నుంచే తీస్తారు.

ఈ సంగతి బయటపడిన తీరు కూడా గుర్తుంచుకోదగ్గది. 1942లో జేమ్స్ హామిల్టన్ అనే అమెరికన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త, యుక్తవయసుకు ముందే వృషణాలు పోగొట్టుకున్న మగవాళ్లను పరిశీలించి, వాళ్లకు బట్టతల రాలేదని గమనించాడు. వాళ్లలో కొందరికి టెస్టోస్టెరాన్ ఇచ్చినప్పుడు, కుటుంబంలో బట్టతల ఉన్నవాళ్లకు జుట్టు పలచబడింది, అలాంటి కుటుంబం కానివాళ్లకు పలచబడలేదు. ఇవ్వడం ఆపేస్తే పలచబడటం ఆగింది గానీ పోయిన జుట్టు తిరిగి రాలేదు. హార్మోనూ ఉండాలి, దానికి లొంగే వారసత్వమూ ఉండాలి. ఆ తర్వాత 1974లో జూలియన్ ఇంపెరాటో-మెక్‌గిన్లీ బృందం డొమినికన్ రిపబ్లిక్‌లోని ఒక పల్లెలో, పుట్టుకతోనే ఆ ఎంజైమ్ లోపించిన కుటుంబాల గురించి రాసింది. ఆ మగవాళ్లలో టెస్టోస్టెరాన్‌కు కొదవ లేదు, డీహెచ్‌టీ మాత్రం చాలా తక్కువ. వాళ్ల ప్రొస్టేట్ గ్రంథి చిన్నదిగా ఉండేది, పెద్దవయసులోనూ నుదుటి మీది జుట్టు వెనక్కి జరగలేదు. ఆ ఎంజైమ్‌ను అడ్డుకునే ఫినాస్టెరైడ్ అనే మందుకు దారి చూపింది ఆ పరిశీలనే. అది ప్రొస్టేట్ వాపుకు 5 మిల్లీగ్రాముల మాత్రగా 1992లోనూ, బట్టతలకు 1 మిల్లీగ్రాము మాత్రగా 1997లోనూ అమెరికాలో అనుమతి పొందింది. ఈ కథలో ఎక్కడా నీళ్ల ప్రసక్తి గానీ నిద్ర ప్రసక్తి గానీ రాదు.

మన ఇళ్లలో మగపిల్లవాడి ముక్కుకూ నడకకూ మొండితనానికీ మేనమామ పోలిక వెదకడం ఆనవాయితీ. జుట్టు విషయంలో ఆ వెదుకులాటకు కొంత ఆధారం ఉంది. డీహెచ్‌టీని అందుకునే ఆండ్రోజన్ రిసెప్టర్ తాలూకు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగపిల్లవాడికి ఆ క్రోమోజోమ్ తల్లి నుంచే వస్తుంది. కాబట్టి అమ్మ వైపు తాత తలా మేనమామ తలా చూడటం తెలివితక్కువ పనేమీ కాదు. అయితే అక్కడితో ఆగిపోతే సగమే చూసినట్టు. బ్రిటన్‌లో లక్షలమంది ఆరోగ్య, జన్యు వివరాలు భద్రపరిచే యూకే బయోబ్యాంక్‌లోని 52,000 మందికి పైగా మగవాళ్ల సమాచారాన్ని పరిశీలించి 2017లో ఎడిన్‌బరో పరిశోధకులు ప్రచురించిన ఫలితాల్లో, బట్టతలతో సంబంధమున్న జన్యుస్థానాలు 287 తేలాయి. వాటిలో ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉన్నవి 40. మిగిలినవి నాన్న వైపు నుంచీ రావచ్చు, అమ్మ వైపు నుంచీ రావచ్చు. మేనమామకు ఒత్తయిన జుట్టు ఉన్నా మేనల్లుడికి బట్టతల రావడం, అన్నదమ్ముల్లో ఒకడికి వచ్చి ఇంకొకడికి రాకపోవడం ఇందువల్లనే.

ఆస్ట్రేలియాలో 25 నుంచి 36 ఏళ్ల మధ్య వయసున్న కవల సోదరులను పరిశీలించి 2003లో ప్రచురించిన అధ్యయనం, ఆ వయసు మగవాళ్లలో బట్టతల తేడాలకు వారసత్వం వాటా 81 శాతం వరకూ ఉంటుందని అంచనా వేసింది. ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి. ఒక మనిషి తల మీద నూటికి 81 వెంట్రుకలు జన్యువుల చేతిలో, 19 వెంట్రుకలు అతని చేతిలో ఉన్నాయని దీని అర్థం కాదు. ఒక సమూహంలో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాలలో ఎంత భాగం వారసత్వం వల్ల వస్తున్నదో అది చెబుతుంది. మిగిలిన భాగాన్నంతా అలవాట్ల ఖాతాలో వేయడానికీ లేదు, అందులో కొలతల్లో దొర్లే పొరపాట్లూ ఏ కారణమూ అంటని యాదృచ్ఛికతా కూడా కలిసి ఉంటాయి.

ఇక నీళ్ల సంగతి. బెంగళూరు నీళ్ల మీద ఈ నేరం మోపేవాళ్లకు సాక్ష్యం కంటికి ఎదురుగానే ఉంటుంది. కావేరి నీళ్లు దాదాపు 100 కిలోమీటర్ల దూరంలోని తొరెకాడనహళ్లి నుంచి పంపుల మీద ఎక్కి రావాలి. నగర శివార్లు ఏళ్ల తరబడి బోర్ల మీదా ట్యాంకర్ల మీదా బతికాయి, 2024 వేసవిలో ఆ బోర్లు కూడా చాలాచోట్ల ఎండిపోయాయి. అదే ఏడాది అక్టోబరులో శివారులోని 110 గ్రామాల కోసం కావేరి నీటి పథకం ఐదో దశ ప్రారంభమైంది గానీ, కుళాయి తిప్పితే బోరు నీళ్లే వచ్చే పీజీలు ఇంకా ఉన్నాయి. మా తమ్ముడి పీజీ స్నానాల గదిలో బకెట్ లోపలి అంచు చుట్టూ తెల్లటి చార గట్టిపడి ఉంటుంది, గోటితో గీకితే పొడి రాలుతుంది. నీళ్లు కాచుకునే రాడ్డుకు పెచ్చు కట్టి ఉంటుంది. సబ్బు సరిగా నురగ పట్టదు, తలస్నానం చేసి తుడుచుకుంటే జుట్టు బిరుసెక్కుతుంది. ఆ బకెట్‌ను రోజూ చూసేవాడు ఆ నీళ్లే తన జుట్టును తినేస్తున్నాయని నమ్మితే తప్పుపట్టలేం.

కానీ కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న నీళ్లు చేసేదంతా వెంట్రుక కాడకే, అంటే చర్మం బయటకు వచ్చిన, ప్రాణం లేని భాగానికే. ఆ కాడ మీద లవణాలు పేరుకుంటాయి, మెరుపు పోతుంది, చిక్కుపడుతుంది. కాడ బలం తగ్గుతుందా అన్న విషయంలో కూడా పరిశోధనలు ఒకే మాట మీద లేవు. కోయంబత్తూరు చర్మవైద్యులు 2013లో ప్రచురించిన ఒక చిన్న పరిశీలనలో, అలాంటి కఠినజలంలో నానిన వెంట్రుకలకూ స్వేదనజలంలో నానిన వెంట్రుకలకూ మధ్య సాగే గుణంలో గానీ తెగే బలంలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఒకవేళ కాడ తెగినా కుదురు కుంచించుకుపోదు. అన్నిటికంటే పెద్ద ఆధారం ఆ కెమెరా తెర మీద కనిపించినదే. నడినెత్తి మీద పడిన చెంబు నీళ్లు వెనక్కి జారి మెడ మీదుగానే పోతాయి. నీళ్లే దోషి అయితే వెనక జుట్టును ఎందుకు వదిలిపెట్టినట్టు?

ఈ నమ్మకం ఇంత బలంగా నాటుకోవడానికి కారణం వయసులో ఉంది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకు చదువు ముగించి మన కుర్రాళ్లు బెంగళూరు బస్సెక్కుతారు. చిన్న వయసులో బట్టతల రావలసిన వాళ్లకు అది అద్దంలో తెలియడం మొదలయ్యేదీ ఆ ఈడులోనే. రెండూ ఒకేసారి జరగడం కాకతాళీయం. హైదరాబాదు వెళ్లినవాడు అక్కడి బోరు నీళ్లను తిడతాడు, చెన్నై వెళ్లినవాడు అక్కడి ఉప్పునీళ్లను తిడతాడు. మా తమ్ముడితో చదువుకున్న ఒకతను ఎక్కడికీ వెళ్లకుండా హిందూపురంలోనే వాళ్ల నాన్న ఎరువుల కొట్టు చూసుకుంటున్నాడు. అతనికీ అదే వయసులో నుదురు పెరిగింది. అతని విషయంలో ఎవరూ నీళ్లననలేదు, "వాళ్ల నాయన మాదిరే" అని ఊరుకున్నారు. మా పిన్ని మాత్రం తన కొడుకు గురించి ఇప్పటికీ "ఆ ఊరి నీళ్లు వానికి పడలేదు నాయనా" అనే అంటుంది. ఆమెను నేను ఎదిరించి మాట్లాడను. వారసత్వమని ఒప్పుకుంటే ఎవరి పుట్టింటి వైపు నుంచి వచ్చిందన్న ప్రశ్న పుడుతుంది, నీళ్లనంటే ఎవరికీ నొప్పి లేదు.

హెల్మెట్ మీదా, నూనె మీదా, గుండు మీదా ఎక్కువ సేపు నిలవనవసరం లేదు. బట్టతలకు హెల్మెట్ కారణం కాదు. జుట్టును రోజూ బిగించి లాగి కట్టేవాళ్లకు లాగినచోట ఊడటం ఉంటుంది గానీ అది వేరే జబ్బు. కొబ్బరి నూనె వెంట్రుక కాడలోకి ఇంకి అందులోని ప్రొటీన్ నష్టాన్ని తగ్గిస్తుందని 2003లో వెలువడిన ప్రయోగ ఫలితాలున్నాయి, అది కాడకు మంచిదే, కుదుటికి దానితో పని లేదు. చుండ్రు ఉన్న తలకు నూనె పట్టిస్తే చుండ్రు ఇంకా పెరగవచ్చు. తిరుమలలో తలనీలాలు ఇవ్వడం భక్తికి సంబంధించిన విషయం, దాన్ని నేను ఏమీ అనను. గుండు కొట్టిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్నది మాత్రం నిజం కాదని, గీసిన వెంట్రుకలు లావెక్కవని మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1928లోనే కొలిచి చూపించింది.

ఇప్పుడు అలవాట్ల పక్షాన చెప్పవలసినది చెప్పాలి, ఎందుకంటే ఆ పక్షానికీ బలమైన సాక్ష్యం ఉంది. దాన్ని తప్పుచోట ప్రయోగించడమే నా అభ్యంతరం. ఒంటికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు, పెరుగుతున్న వెంట్రుకల్లో చాలా భాగం ఒక్కసారిగా ఎదుగుదల ఆపేస్తాయి. నిలిచి ఉండే దశ సుమారు మూడు నెలలు కాబట్టి అవన్నీ ఆ తర్వాత గంపగుత్తగా రాలతాయి. వర్షాకాలం చివర్లో డెంగీ వచ్చి తగ్గినవాడికి సంక్రాంతికి ఊరెళ్లే రోజులకు దువ్వెన నిండా జుట్టు వస్తుంది. జ్వరం సంగతి అప్పటికి మరిచిపోయి ఉంటాడు గనుక, మొన్న మార్చిన షాంపూను అనుమానిస్తాడు. టైఫాయిడ్, కోవిడ్, శస్త్రచికిత్స, తీవ్రమైన మానసిక ఆఘాతం, ఇవన్నీ ఇలాగే పనిచేస్తాయి. పెళ్లిచూపుల లోపల సన్నబడాలని అన్నం పూర్తిగా మానేసి కిలోలకు కిలోలు తగ్గించినవాడికీ ఇదే జరుగుతుంది, అది అచ్చంగా అలవాటు వల్ల వచ్చిన రాలుడే. ఈ రకం తల అంతటా సమానంగా రాలుతుంది, కారణం తొలగితే చాలామందిలో ఆరు నెలల్లో సర్దుకుంటుంది. ఇనుము లోపం, థైరాయిడ్ తేడా, ప్రొటీన్ బాగా తక్కువైన తిండి కూడా ఇందుకు దారితీస్తాయి. ఉదయం రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం సాంబారన్నం, రాత్రి మళ్లీ సాంబారన్నంతో నెలల తరబడి గడిపే పీజీ కుర్రాడికి రక్తపరీక్ష చేయించమని చెప్పడంలో అర్థముంది.

అవసరానికి మించి తిన్నా చిక్కే. విటమిన్ ఎ గానీ సెలీనియం అనే ఖనిజం గానీ ఎక్కువైతే జుట్టు ఊడుతుంది. 2025 జనవరిలో మహారాష్ట్రలోని బుల్ధానా జిల్లా పల్లెల్లో జనానికి రోజుల వ్యవధిలో జుట్టు ఊడిపోయినప్పుడు ముందు నీళ్లనే అనుమానించారు. ఆ తర్వాత డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ రేషన్ గోధుమల్లోని సెలీనియం వైపు వేలు చూపించారు. జుట్టు కోసమని అమ్మే, బయోటిన్ అనే విటమిన్ ఉన్న గమ్మీలు, లోపం లేనివాళ్లకు మేలు చేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు, పైగా బయోటిన్ కొన్ని రక్తపరీక్షలను, ముఖ్యంగా థైరాయిడ్ పరీక్షలను తారుమారు చేయగలదు. జుట్టు రాలడానికి థైరాయిడ్ కారణమేమో చూద్దామని వెళ్లినవాడు ఆ గమ్మీలే నములుతూ వెళితే ఫలితం తప్పుగా రావచ్చు.

జిమ్ముల్లో చాటుగా చేతులు మారే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల మీద మాత్రం నాకు ఏ సందేహమూ లేదు. హామిల్టన్ 1942లో చూపించినది సరిగ్గా అదే, లొంగే గుణం ఉన్న తలకు పురుష హార్మోన్ ఎక్కిస్తే బట్టతల పరిగెత్తుకొస్తుంది. కండల కోసం జిమ్‌కు వెళ్లేవాళ్లు తీసుకునే క్రియాటిన్ పొడి సంగతి అంత గట్టిది కాదు. 2009లో దక్షిణాఫ్రికాలో 20 మంది రగ్బీ ఆటగాళ్లకు ఎక్కువ మోతాదులో ఇచ్చినప్పుడు డీహెచ్‌టీ పెరిగింది, కానీ ఆ అధ్యయనంలో జుట్టును కొలవనే లేదు.

తరచుగా వినిపించే మిగిలిన అధ్యయనాలు ఎక్కువగా సంబంధాన్ని చూపిస్తాయి, కారణాన్ని నిరూపించవు. తైవాన్‌లో 40 ఏళ్లు దాటిన 740 మంది మగవాళ్లను పరిశీలించి 2007లో వెలువరించిన ఫలితాలు, వయసునూ కుటుంబ చరిత్రనూ లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా పొగతాగేవాళ్లలో బట్టతల ఎక్కువగా ఉందని చెప్పాయి. పొగ రక్తనాళాలకు చేసే హాని తెలిసిందే గనుక ఇది నాకు నమ్మదగినదిగానే తోస్తుంది, అయితే ఆ పరిశీలన నడివయసు దాటినవాళ్లది. చైనాలో చింగ్‌హువా విశ్వవిద్యాలయం వాళ్లు 18 నుంచి 45 ఏళ్ల వయసున్న 1,028 మందిని ప్రశ్నించి, జుట్టు పలచబడినవాళ్లు తీపి పానీయాలు ఎక్కువగా తాగుతున్నారని 2023లో రాశారు. తాగిన లెక్క వాళ్ల నోటితో చెప్పినదే. పైగా జుట్టు పోతున్నదన్న దిగులుతో తీపి వైపు వెళ్లారా, తీపి వల్ల జుట్టు పోయిందా అన్నది ఒక్కసారి అడిగిన ప్రశ్నలతో తేలేది కాదు. ఒత్తిడి కుదుళ్లను ఎలా నిద్రపుచ్చుతుందో 2021లో హార్వర్డ్ పరిశోధకులు చక్కగా చూపించారు, ఎలుకల్లో. ఎలుకలకు మగవాళ్ల బట్టతల రాదు. ఈ అధ్యయనాలు పనికిరానివని నేను అనడం లేదు. వీటిని పట్టుకుని ఇరవై నాలుగేళ్ల వాడికి "నీ జుట్టు నువ్వే పోగొట్టుకున్నావు" అని చెప్పే అధికారం ఎవరికీ రాదని మాత్రం అంటున్నాను.

అలా చెప్పేవాళ్లు మాత్రం ఎంతమందో. ఈ నిందలో బయటకు చెప్పుకోలేని భాగం ఒకటుంది. హస్తప్రయోగం వల్ల జుట్టు రాలుతుందన్న భయం మన కుర్రాళ్లలో ఎంత లోతుగా పాతుకుని ఉందో, వాళ్లతో ఒక గంట మనసు విప్పి మాట్లాడితే తెలుస్తుంది. దానికి ఎలాంటి శాస్త్రీయ ఆధారమూ లేదు. కానీ ఆ భయం ఉన్నవాడు డాక్టరు దగ్గరకు వెళ్లడు, ఎందుకంటే అక్కడికి వెళ్లడమంటే తన తప్పు ఒప్పుకోవడమని వాడి లెక్క. జుట్టును నడవడికతో ముడిపెట్టిన సమాజంలో బట్టతల ఒక సాక్ష్యంగా మారుతుంది, రాత్రులు మేల్కొన్నాడని, తిండి సరిగా తినలేదని, చెడు తిరుగుళ్లు తిరిగాడని. పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు "అబ్బాయికి ఏమైనా అలవాట్లున్నాయా" అని అడిగి, ఫోటోలో నుదురు కొలుస్తారు. ఆ రెండు ప్రశ్నలూ ఒకదాని వెంట ఒకటి రావడం నేను స్వయంగా విన్నాను.

నింద వల్ల పోయే కాలం గురించి కూడా చెప్పాలి. కుంచించుకుపోతున్న కుదురును నిలబెట్టడం కంటే పూర్తిగా పోయినదాన్ని తిరిగి మొలిపించడం చాలా కష్టం. ఫినాస్టెరైడ్ మీద జరిగిన మొదటి పెద్ద ప్రయోగాల్లో, రెండేళ్ల తర్వాత వెంట్రుకల సంఖ్య తగ్గకుండా నిలుపుకున్నవాళ్లు మందు వాడినవారిలో 83 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 28 శాతం. రక్తపోటు మందుగా మొదలై 1988లో తలకు రాసుకునే ద్రావణంగా అనుమతి పొందిన మినాక్సిడిల్ కూడా పనిచేస్తుంది, రోజూ వాడినంత కాలమే. మొదటి వారాల్లో జుట్టు ముందుకంటే ఎక్కువ రాలడం చూసి చాలామంది భయపడి మానేస్తారు, అది పాత వెంట్రుకలు కొత్తవాటికి చోటివ్వడమేనని ముందే చెబితే మానరు. నడినెత్తి పూర్తిగా నున్నబడ్డాక ఈ రెండూ పెద్దగా చేయగలిగింది ఉండదు. అలాంటప్పుడు కుంకుడుకాయలకు ఒక ఏడాది, ఉల్లిరసానికి ఒక ఏడాది, కుళాయికి తగిలించే ఫిల్టర్‌కు ఒక ఏడాది ఇవ్వడం ఎంత ఖరీదైన పనో ఆలోచించాలి.

ఈ మందులు అందరికీ తగినవని కూడా నేను అనను. ఫినాస్టెరైడ్ వల్ల కొద్దిమందిలో లైంగిక కోరిక తగ్గడం, అంగస్తంభన లోపించడం జరుగుతాయి. ఆత్మహత్య ఆలోచనలు దాని దుష్ఫలితాల్లో ఒకటని యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ 2025లో నిర్ధారించింది. అది వాడేవాళ్లు రక్తదానం చేయకూడదు, మానేశాక కూడా కొంత కాలం ఆగాలి. డాక్టరుకు చూపించుకోకుండా మందుల షాపులో కొనుక్కునే వస్తువు కాదది. మా తమ్ముడు ఇవన్నీ విని, మాత్ర ప్రస్తుతానికి వద్దనీ మినాక్సిడిల్ వాడతాననీ అన్నాడు. వాడి మేనమామలాగా గుండు చేయించుకుని దర్జాగా తిరిగినా నాకు అభ్యంతరం లేదు. వాడు తెలిసి ఎంచుకోవడమే నాకు కావలసింది.

జన్యువుల మాట ఇంత గట్టిగా చెబితే కుర్రాళ్లు అలవాట్లను గాలికి వదిలేస్తారని ఒక మిత్రుడు నాతో వాదించాడు. మా ఆఫీసులో నేను చూసినది దీనికి తలకిందులుగా ఉంది. మాతో పనిచేసే ఒకతను, సిగరెట్ మానేస్తే జుట్టు నిలుస్తుందని ఎవరో చెబితే నమ్మి నిజంగానే మానేశాడు. టీ బంకు దగ్గర అందరూ ముట్టిస్తుంటే పక్కన నిలబడి అల్లం టీ మాత్రమే తాగేవాడు. కొన్ని నెలలు గడిచినా కణతల దగ్గర జుట్టు వెనక్కి జరగడం ఆగలేదు. "ఎటూ పోయేదే అయితే ఇంక దేనికన్నా" అని మళ్లీ మొదలుపెట్టాడు. ఆ కుటుంబంలో గుండెజబ్బు ఉంది, ఇంట్లో పాలుతాగే పిల్ల ఉంది. మానడానికి అతనికి ఉన్న అసలు కారణాలు అవి, వాటికి జుట్టుతో ఏ సంబంధమూ లేదు.